హుస్సేన్ సాగర్‌లో లేజర్ పందేలు: పాత పడవ కొనవచ్చా, ఏ తెరచాప ఎంచుకోవాలి?

సాగరతీరం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను సికింద్రాబాద్‌లో ఉంటాను. వయసు నలభై దాటింది, బరువు 72 కిలోలు. హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్ ప్రాథమిక శిక్షణ పూర్తి చేశాను. ఎదురుగాలిలో టాక్ చేసుకుంటూ (ముక్కును గాలి గుండా తిప్పి దిశ మార్చుకుంటూ) పైకి వెళ్ళడం, గాలివాలున దిగుతూ జైబ్ చేయడం (వెనుక భాగాన్ని గాలి గుండా తిప్పడం), బోల్తా పడిన పడవను డాగర్‌బోర్డు (పడవ అడుగున నీటిలోకి దించే పలక) మీద నిలబడి తిరిగి లేపడం ఒక మోస్తరుగా వచ్చాయి. ఇకమీదట మా క్లబ్బులో లేజర్ పడవలతో (ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవలు) జరిగే పందేలలో క్రమం తప్పకుండా పాల్గొనాలని నిశ్చయించుకున్నాను. కొన్ని విషయాలలో అనుభవజ్ఞుల సలహా కోరుతున్నాను.

నా బరువుకు పెద్ద తెరచాప ఉన్న స్టాండర్డ్ రిగ్ (తెరచాప, దాన్ని నిలిపే మాస్టుల అమరిక) మంచిదా, అంతకన్నా చిన్న తెరచాప ఉన్న రేడియల్ మంచిదా అన్నది మొదటి సందేహం. క్లబ్బు పడవనే వాడుకుంటూ ఉండాలా, లేక అమ్మకానికి వచ్చిన ఒక పాత లేజర్‌ను సొంతంగా కొనుక్కోవాలా అన్నది రెండవది. ఇప్పుడు పోటీల ప్రకటనలన్నింటిలో లేజర్ అనే మాట కనిపించక ఐఎల్‌సీఏ 7, ఐఎల్‌సీఏ 6 అని ఉంటున్నది కనుక, లేజర్ గుర్తుతో ఉన్న పాత పడవను రేపు పోటీలలోకి రానిస్తారో లేదో కూడా తెలుసుకోవాలని ఉంది. యాభై ఏళ్ళు దాటిన నమూనా మీద డబ్బు పెట్టడం దండగ అని, కొత్త తరం తేలిక పడవలు చూడమని ఒక మిత్రుడు గట్టిగా చెబుతున్నాడు. ఆయన మాటలో ఎంత నిజముందో దయచేసి వివరించగలరు.

నైరుతి

మీ మిత్రుడి మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే దానికి జవాబు తెలిస్తే మిగిలిన సందేహాలు తేలిక పడతాయి.

1969లో మాంట్రియల్‌కు చెందిన పారిశ్రామిక రూపకర్త ఇయాన్ బ్రూస్, కారు పైకప్పు మీద కట్టుకుని తీసుకుపోగలిగిన చిన్న పడవ ఒకటి కావాలని పడవల రూపకర్త బ్రూస్ కర్బీకి ఫోన్ చేశాడు. కర్బీ ఆ సంభాషణ సాగుతుండగానే కాగితం మీద గీసిన చిత్రమే ఈ పడవకు మూలం. ఆ పని అడిగిన వ్యాపార సంస్థ పడవ ఆలోచనను విరమించుకోవడంతో చిత్రం కొంతకాలం పక్కన పడి ఉన్నది. 1970లో, వెయ్యి డాలర్ల లోపు ధర గల పడవల కోసం అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక పోటీ ఏర్పాటు చేసినప్పుడు దాన్ని బయటికి తీసి తొలి నమూనా కట్టారు. తెరచాప కుట్టినవాడు హాన్స్ ఫోగ్. ముగ్గురూ ఒలింపిక్స్‌లో పడవలు నడిపినవారే. కర్బీ 1956లోను, 1964లోను ఫిన్ అనే ఒంటరి నావికుల పడవ తరగతిలో పోటీపడ్డాడు. ఫోగ్ 1960లో డెన్మార్క్ తరఫున రజతం గెలిచాడు. చవకగా, తేలికగా, అందరికీ అందుబాటులో ఉండాలని గీసిన పడవ చేతికివ్వగానే ఒలింపిక్ స్థాయి నావికులకు కూడా నచ్చడానికి కారణం ఇదేనని నా నమ్మకం: దాన్ని రూపొందించినవారికి పందెం పడవలో ఏది అనవసరమో బాగా తెలుసు. 1971 న్యూయార్క్ బోట్ షోలో ప్రదర్శించినప్పుడే 144 పడవలు అమ్ముడుపోయాయి. ఆ తరువాత ప్రపంచవ్యాప్తంగా తయారైనవి రెండు లక్షలు దాటాయి.

పడవ పొడవు 4.23 మీటర్లు, వెడల్పు 1.37 మీటర్లు, ఖాళీ హల్ (మాస్టు, తెరచాప లేని పడవ ఒళ్ళు) బరువు సుమారు 59 కిలోలు. తెరచాప ఒక్కటే. దాన్ని పైకి లాగే తాడు కూడా ఉండదు. తెరచాప అంచున కుట్టిన తొడుగును మాస్టుకు (తెరచాపను నిలిపే స్తంభం) తొడిగి, మాస్టును డెక్కులోని (పడవ పై కప్పు) గొట్టంలో దించడమే. అసలు బలం ఈ సరళత కన్నా నియమాలలో ఉన్నది. హల్, మాస్టు, తెరచాప, డాగర్‌బోర్డు, చుక్కాని అన్నీ అనుమతి పొందిన తయారీదారులవే అయి ఉండాలి. ఇష్టం వచ్చినట్లు నునుపు చేయడం, ఆకారం మార్చడం కుదరదు. అంటే అందరికీ ఒకే ప్రశ్నపత్రం ఇచ్చినట్లు. మీ ముందున్న పడవ మీకన్నా వేగంగా పోతున్నదంటే, ఆ మనిషి గాలిని మీకన్నా బాగా చదివాడనో, శరీరాన్ని మీకన్నా బాగా వాడాడనో అర్థం. కొత్త తరం పడవలు వేగంగా ఉంటాయి, నిజమే. కానీ ఈ నీటి మీద అలాంటివి ఒకటో రెండో ఉంటే వాటితో పందెం ఎవరితో వేస్తారు? ఒకే రకం పడవలు గుంపుగా బయలుదేరినప్పుడే నేర్చుకోవడం జరుగుతుంది.

ఒలింపిక్స్‌లోకి ఈ తరగతి 1996 అట్లాంటాలో వచ్చింది. బ్రెజిల్ నావికుడు రాబర్ట్ షైట్ అక్కడ స్వర్ణం గెలిచాడు. 2004లో మళ్ళీ గెలిచాడు. రేడియల్ 2008లో మహిళల విభాగంగా చేరింది. మన దేశం నుండి నేత్ర కుమనన్ టోక్యోకు అర్హత సాధించి, సెయిలింగ్‌లో ఒలింపిక్స్‌కు వెళ్ళిన తొలి భారతీయ మహిళ అయింది రేడియల్‌లోనే. విష్ణు శరవణన్ టోక్యోలో 20వ స్థానంలో నిలిచింది స్టాండర్డ్‌లో. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో అతనికి కాంస్యం, చిన్న తెరచాప విభాగంలో నేహా ఠాకూర్‌కు రజతం వచ్చాయి. మీ క్లబ్బులో మీరు ఎక్కబోయేది వీరు ఎక్కిన పడవనే. దీన్ని పాతది అని కొట్టిపారేయడం నాకు సమ్మతం కాదు.

కొలనుగాలి

రిగ్ గురించి. హల్ ఒకటే అయినా దాని మీద మూడు తెరచాపలు వాడతారు. స్టాండర్డ్, అంటే ఇప్పటి ఐఎల్‌సీఏ 7, 7.06 చదరపు మీటర్లు. రేడియల్, అంటే ఐఎల్‌సీఏ 6, 5.76 చదరపు మీటర్లు. అన్నిటికన్నా చిన్నది 4.7 చదరపు మీటర్ల ఐఎల్‌సీఏ 4. మారేవి తెరచాప, మాస్టు కింది ముక్క మాత్రమే. మాస్టు పై ముక్క, బూమ్ (తెరచాప అడుగు అంచున ఉండే అడ్డకర్ర), డాగర్‌బోర్డు, చుక్కాని మారవు. కాబట్టి ఇవాళ ఏది ఎంచుకున్నా, రేపు మనసు మారితే ఇంకో పడవ కొనే అవసరం రాదు.

పెద్ద పోటీలలో ఐఎల్‌సీఏ 7 నడిపేవారి బరువు సాధారణంగా 80 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. 72 కిలోలతో నెమ్మది గాలిలో మీరు దాన్ని హాయిగా నడపగలరు. గాలి గట్టిపడినప్పుడు మాత్రం పడవను సమతలంగా ఉంచలేక తెరచాపను వదిలేస్తూ పోవలసి వస్తుంది. ఒరిగిపోయిన పడవ పక్కకు జారుతుంది, చుక్కాని బరువెక్కుతుంది, నేర్చుకోవలసిన సూక్ష్మాలన్నీ పోరాటంలో కొట్టుకుపోతాయి. అందువల్ల ఈ వానాకాలం మొత్తం రేడియల్‌లోనే ఉండమని చెబుతాను. పాదాలను పట్టీ కింద బిగించి, నడుము అంచుకు అవతల పెట్టి, వెన్ను నిటారుగా ఉంచి పది నిమిషాలు నిలకడగా వేలాడగలిగిన తరువాత పెద్ద తెరచాప గురించి ఆలోచించవచ్చు. నలభై దాటినవారికి మోకాళ్ళ విషయం కూడా ఉంది; తొడ కండరాలు బలపడక ముందు పెద్ద రిగ్‌లో గట్టిగా వేలాడడం మోకీళ్ళకు మంచిది కాదు.

అయితే ఒక మినహాయింపు చెప్పాలి. మీ క్లబ్బులో మీ వయసువారందరూ స్టాండర్డ్‌లోనే పందెం వేస్తూ, రేడియల్‌లో పిల్లలు ఇద్దరో ముగ్గురో మాత్రమే ఉంటే, నెమ్మది గాలి రోజులలో పెద్దవారితోనే కలవండి. పక్కన పడవలు లేకుండా నేర్చుకున్న వేగానికి కొలమానం ఉండదు.

పేరు గురించి అడిగారు కదా. 2019లో ఈ పడవ అంతర్జాతీయ తరగతి సంఘానికి (ఐఎల్‌సీఏ అన్నది దాని పేరులోని పొడి అక్షరాలే), ఒక ప్రధాన తయారీ సంస్థకు మధ్య వివాదం వచ్చి, ట్రేడ్‌మార్కు ఆ సంస్థ చేతిలో ఉన్నందున, సంఘం పడవ పేరును ఐఎల్‌సీఏగా మార్చింది. కొత్త తయారీదారులకు అనుమతులు కూడా ఇచ్చారు. ఆకారం, కొలతలు, నియమాలు అవే. అధికారిక ఫలకంతో వచ్చిన పాత లేజర్ పడవలు ఐఎల్‌సీఏ పోటీలలో చెల్లుతాయి. కాక్‌పిట్ (కాళ్ళు పెట్టుకునే గుంత) వెనుక భాగంలో ఆ ఫలకం ఉన్నదా లేదా చూడండి. ఫలకం కన్నా ఎక్కువగా ఇబ్బంది పెట్టేది తెరచాప: బజారులో చవకగా దొరికే నకలు తెరచాపలు సాధనకు పనికివస్తాయి కానీ తరగతి పోటీలలో వాటిని ఒప్పుకోరు.

పాతమాస్టు

పాత పడవ కొనడం తప్పేమీ కాదు, కానీ రంగు చూసి కొనకూడదు. నేను చూసిన పడవలలో నిగనిగలాడేవే లోపల తడిసి బరువెక్కి ఉన్న సందర్భాలు తక్కువేమీ కాదు.

అన్నిటికన్నా ముందు మాస్టు దిగే గొట్టాన్ని పరీక్షించండి. మాస్టు మీద పడే గాలి ఒత్తిడి మొత్తం అక్కడికే చేరుతుంది. గొట్టాన్ని నీటితో నింపి, మట్టం దగ్గర పెన్సిలుతో గీత పెట్టి, కాసేపు వదిలేయండి. నీరు దిగిపోతున్నదంటే గొట్టం అడుగున పగులు ఉన్నట్లు. ఆ నీరు హల్ లోపలికి పోతున్నది. అలాంటి పడవ గట్టి గాలిలో మాస్టు డెక్కును చీల్చుకుని పడిపోయే స్థితికి చేరవచ్చు. ఆ తరువాత మాస్టును అందులో నిలబెట్టి, పైభాగాన్ని ముందుకూ వెనక్కూ మెల్లగా ఊపుతూ డెక్కు ఎక్కడైనా కదులుతున్నదా అని చూడాలి.

పిమ్మట డెక్కు అంతటినీ, ముఖ్యంగా కాక్‌పిట్ చుట్టూ మనిషి కూర్చునే చోట, అరచేతితో నొక్కుతూ పోండి. మెత్తగా లోపలికి పోయే చోట ఫైబర్ పొరల మధ్యనున్న ఫోమ్ విడిపోయిందని అర్థం. హల్‌కు, డెక్కుకు మధ్య అంచు వెంట ఉన్న అతుకును కంటితోనే కాకుండా వేలి గోటితో కూడా పరిశీలించాలి. గట్టుకు గుద్దుకున్న పడవలు అక్కడే నోరు విప్పుతాయి. వెనుక బిరడా తీసి పడవను వెనుకకు వంచితే ఎంత నీరు వస్తుందో చూడండి. బయటికి వచ్చే నీటిని ఎండబెట్టవచ్చు; ఫోమ్ పీల్చుకున్న నీరు అంత తేలికగా పోదు. అందుకే తూకం తప్పనిసరి. ఖాళీ హల్ 59 కిలోల దగ్గర ఉండవలసినది, అయిదారు కిలోలకు మించి ఎక్కువ తూగితే ధర ఎంత తగ్గించినా పందేలకు దాన్ని తీసుకోవద్దని నా సలహా.

మాస్టు ముక్కలను నున్నని నేల మీద దొర్లించండి. వంగిన ముక్క దొర్లేటప్పుడు ఎగిరెగిరి పడుతుంది. అల్యూమినియం పై ముక్క వంగడం ఈ పడవలకు మామూలే, దాన్ని మార్చుకోవచ్చు. తరువాతి కాలంలో వచ్చిన కాంపోజిట్ (ఫైబర్, జిగురు కలిపి చేసిన) పై ముక్కలను నియమాలు అనుమతిస్తున్నాయి, వాటికి వంగే జబ్బు లేదు. రెండు ముక్కలు కలిసే చోటున్న రివెట్ రంధ్రం చుట్టూ సన్నని పగులు ఉంటే మాత్రం దాన్ని వాడకూడదు. కింది ముక్క మీద బూమ్ తగిలించే చోట, కిక్కర్ (బూమ్‌ను కిందికి లాగి పట్టే తాడు) బిగించే చోట రివెట్ల చుట్టూ తెల్లని పొడి కనిపిస్తే తుప్పు మొదలైనట్లే.

తాళ్ళు, కప్పీలు పాతవైతే దిగులు పడవద్దు, అవి మారేవే. డాగర్‌బోర్డు, చుక్కాని అంచులు మాత్రం జాగ్రత్తగా చూడండి. చెక్కలుగా ఊడిన అంచును తయారీలో ఉన్న ఆకారానికి తిరిగి తేవడానికి నియమాలు ఒప్పుకుంటాయి. అంతకన్నా సన్నగా అరగదీస్తే ఒప్పుకోవు.

బండ్ వైపు

పడవ గురించి పై మిత్రులు వివరంగా రాశారు. నీటి గురించి కూడా రాయాలి. హుస్సేన్ సాగర్ పందెం సముద్రపు పందెం కాదు. 1560ల నాటి ఈ చెరువు చుట్టూ ఇప్పుడు ఒక మహానగరం నిలబడి ఉన్నది.

జూన్ నుండి ఆగస్టు దాకా మనకు పడమర, నైరుతి గాలులు వీస్తాయి. హైదరాబాద్ సెయిలింగ్ వీక్ వంటి పెద్ద పోటీలు వానాకాలంలో పెట్టడానికి కారణం ఇదే. ఈ గాలి నెక్లెస్ రోడ్డు వైపు నుండి, చెట్లనూ భవనాలనూ దాటి నీటి మీదికి దిగుతుంది. అందుకని అది ఒకే దిక్కున, ఒకే బలంతో రాదు. నీటి మీద నల్లటి మరకలుగా, విసనకర్ర ఆకారంలో పరచుకుంటూ వస్తుంది. గాలి వచ్చే వైపు పైన ఉన్న గుర్తుకు (చుట్టి రావలసిన తేలే బోయా) దగ్గరయ్యే కొద్దీ దిక్కు మార్పులు పెరుగుతాయి. అక్కడ పడవ ముక్కు గుర్తుకు దూరంగా తిప్పవలసి వచ్చిన ప్రతిసారీ, అంటే హెడర్ వచ్చి నిలబడినప్పుడు, టాక్ చేయడానికి సిద్ధంగా ఉండాలి. గాలి మీకు ఎత్తు ఇస్తున్నంతసేపూ, పక్కవాడు ఏం చేసినా, కదలకుండా సాగండి. ఈ చెరువులో పందెం గెలిచేవారిలో ఎక్కువమంది బలవంతులు కారు; తల ఎత్తి నీటిని చూసేవారు. తెరచాప మీది ఊలు పోగులనే చూస్తూ కూర్చున్న కొత్తవారు మంచి వేగంతో తప్పు వైపుకు వెళ్ళిపోతారు.

ప్రారంభ గీతను కూడా కొలవాలి. అయిదు నిమిషాల సంకేతానికి ముందే గీత మధ్యలో పడవను సరిగ్గా గాలికి ఎదురుగా ఆపి, ముక్కు ఏ చివర వైపు ఎక్కువగా చూపుతున్నదో గమనించండి. గాలికి దగ్గరగా ఉన్న చివర అదే. గాలి ఊగుతూ ఉంటుంది కనుక, నాలుగు నిమిషాల సంకేతం తరువాత మరొకసారి చూడండి. కొత్తవారు ఆ చివరనే గుంపులోకి దూరవద్దు. కాస్త పక్కగా ఖాళీలో, పూర్తి వేగంతో బయలుదేరినవాడికి మొదటి హెడర్ రాగానే ఎవరి అడ్డమూ లేకుండా టాక్ చేసే స్వేచ్ఛ ఉంటుంది, మన చెరువులో ఆ స్వేచ్ఛకు చాలా విలువ ఉన్నది.

గాలివాలున దిగేటప్పుడు లేజర్‌కు ఒక ప్రమాదకర లక్షణం ఉంది. తెరచాపను మరీ బయటికి వదిలి, డాగర్‌బోర్డును పూర్తిగా పైకి లాగితే, పడవ అటూ ఇటూ ఊగుతూ చివరకు మీ మీదికే, గాలి వచ్చే వైపుకే, తిరగబడుతుంది. బోర్డును సగం దాకా నీటిలో ఉంచి, ఊపు మొదలైన క్షణంలో మెయిన్‌షీట్‌ను (తెరచాపను లోపలికి లాగే తాడు) కొంచెం లోపలికి లాగితే అది ఆగిపోతుంది. కిక్కర్ మరీ వదులుగా ఉన్నా తెరచాప పైభాగం మెలిదిరిగి ఇదే జరుగుతుంది. పడమటి గాలిలో బోల్తా పడితే పడవ టాంక్‌బండ్ రాతి కట్ట వైపుకు కొట్టుకుపోతుంది కనుక, గట్టి గాలి రోజున ఆ వైపు తగినంత నీరు మిగుల్చుకోండి. తీరం దగ్గర లోతు తక్కువ ఉన్నచోట పూర్తిగా తలకిందులైతే మాస్టు కొన బురదలో దిగబడవచ్చు. అప్పుడు బలవంతంగా లేపకుండా రక్షణ పడవ కోసం ఆగండి.

గుర్రపుడెక్క తేలి వస్తున్న రోజులలో వేగం ఉన్నట్టుండి తగ్గితే, కారణం గాలిలో వెతకడానికి ముందు డాగర్‌బోర్డును పైకెత్తి, చుక్కానిని ఒకసారి చూసుకోండి. చవితి నిమజ్జనాల తరువాత కొంతకాలం నీటిలో విగ్రహాల కర్రలు, ఇనుప ఊచలు మిగిలి ఉండవచ్చు. చెరువులోకి మురుగు కాలువలు చేరుతున్నాయన్న సంగతి కూడా మరవకూడదు: చర్మం మీద గాయం ఉన్న రోజున నీటిలోకి దిగవద్దు, ఒడ్డుకు రాగానే మంచినీటితో స్నానం చేయండి, తాళ్ళనూ కప్పీలనూ కూడా కడగండి. ఈ నీరు బాగుపడాలని నిత్యం దీని మీద పడవ నడిపేవారికన్నా ఎక్కువగా కోరుకునేవారు ఉండరనుకుంటాను.

సాగరతీరం

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. పాతమాస్టు గారు చెప్పినట్లే ఆ పడవను పరీక్షించాను. అధికారిక ఫలకం ఉంది, తూకం దాదాపు 61 కిలోలు, డెక్కు గట్టిగా ఉంది. కానీ మాస్టు గొట్టంలో పోసిన నీరు అరగంటలో రెండు వేళ్ళ మేర దిగింది. అమ్మేవారు ధర తగ్గిస్తామంటున్నారు. ఇది బాగుచేయదగినదేనా?

పాతమాస్టు

బాగుచేయదగినదే, తూకం ఆ మాత్రం ఉండడం శుభసూచకం. నష్టం ఈమధ్యే మొదలై, ఫోమ్ ఇంకా తడవలేదని అనుకోవచ్చు. డెక్కు మీద మాస్టు వెనుక ఒక తనిఖీ మూత అమర్చి, దాని గుండా చేయి దూర్చి, గొట్టం అడుగు చుట్టూ పాత పొరను గరుకు చేసి, ఆరబెట్టిన తరువాత ఫైబర్ గుడ్డతో, ఎపాక్సీ జిగురుతో కొత్త పొరలు వేయాలి. తనిఖీ మూతలను నియమాలు అనుమతిస్తాయి. ముఖ్యమైనది ఆరబెట్టడమే. లోపల తడి ఉండగా వేసిన ఎపాక్సీ పట్టదు, కాబట్టి మూత తెరిచి, బిరడా తీసి, నీడలో గాలి ఆడేచోట కొన్ని వారాలు ఉంచండి. పడవలకు ఫైబర్ పని చేసిన అనుభవం ఉన్న మనిషి దొరికితేనే కొనండి, ఆ పని ఖర్చును ధరలోంచి ముందే తగ్గించమని అడగండి. అది పూర్తయ్యేదాకా క్లబ్బు రేడియల్‌లో ప్రతి పందేనికీ బయలుదేరండి. మరమ్మతు ముగిశాక గొట్టాన్ని మళ్ళీ నీటితో నింపి, రాత్రంతా ఉంచి, ఉదయం గీత దగ్గరే మట్టం నిలిచి ఉంటేనే మాస్టు దించండి.